అరచేతిలో బడి

అరచేతిలో వైకుంఠం చూపించడమని మన పెద్దవాళ్లు ఒక మాట అంటూ వుంటారు. వైకుంఠం సంగతి ఏమో గాని, అరచేతిలో బడిని మాత్రం ఈ కాలం చూపించగలిగింది. ఫోను తెరిస్తే పాఠం, టెలివిజను తిప్పితే పాఠం, పుస్తకంలో అచ్చువేసిన చదరపు గుర్తుకు ఫోను చూపిస్తే పాఠం. ఆన్‌లైను చదువు అనే మాట ఇప్పుడు అమ్మమ్మల నోట కూడా పలుకుతున్నది. కాబట్టి ఈ నెల ఆ బడిని గూర్చి నాలుగు మాటలు చదువరులకు మనవి చేయదలచాము.

ఈ ప్రసక్తి వూరకే తేవడం లేదు. మన సంఘాలు వున్న చాలా వూళ్లలో సాయంకాలం పూట పిల్లలకు ఒక చిన్న తరగతి నడుస్తుంటుంది. మేము వుంటున్న షోలాపురంలో, మా పేటలో కూడా అటువంటిది ఒకటి వున్నది. పాతిక మంది పిల్లలు వస్తారు. ఒక పంతులమ్మగారు లెక్కలు, మరాఠీ, ఇంగ్లీషు చూస్తారు. వారానికి రెండు రోజులు తెలుగు అక్షరాలు దిద్దిస్తారు. ఆమెకు సంఘంవారు ఇచ్చేది జీతమనడానికి వీల్లేదు, తాంబూలమనాలి. ఆ తాంబూలం కూడా ఇక అనవసరమనే మాట ఈ మధ్య వినవస్తున్నది. "ప్రతి ఇంట్లోనూ ఫోను వున్నది, అందులో లేని పాఠం లేదు, ఇంకా ఈ తరగతి ఎందుకు? ఆ డబ్బుతో గదికి వెల్ల వేయిద్దాము" అని అడుగుతున్నారు. అడిగేవారు చెడ్డవారు కారు, పిల్లల మేలు కోరేవారే. బరంపురంలోను, హోసూరులోను, బళ్లారిలోను, యానాంలోను కూడా ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడిగే వుంటారు. అందుచేత దీనికి జవాబు కొంచెం లెక్కలు చూసి చెప్పుకోవడం మంచిది.

ఈ విషయంలో మన దేశానికి ఒక పెద్ద పరీక్ష ఇదివరకే జరిగిపోయింది. 2020 మార్చిలో కరోనా మూలంగా దేశమంతటా బడులు మూతపడ్డాయి. మా మహారాష్ట్రలో పై తరగతులు మధ్యమధ్య తెరిచి మూసినా, చిన్న తరగతుల పిల్లలు చాలా చోట్ల 2021 డిసెంబరు దాకా బడి గడప తొక్కలేదు. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు బడిగది ఎట్లా వుంటుందో చూడకుండానే రెండో తరగతికి వచ్చాడు.

ప్రభుత్వాలు చేతులు ముడుచుకొని కూర్చున్నాయని అనరాదు. దీక్ష అనే పాఠాల భాండారాన్ని, స్వయం అనే కళాశాల పాఠాల ఏర్పాటును కేంద్రంవారు 2017లోనే ప్రారంభించి వున్నారు. 2020లో కేరళవారు విక్టర్స్ టెలివిజను మీద, తమిళనాడువారు కల్వి టెలివిజను మీద, కర్ణాటకవారు దూరదర్శన్ చందన మీద, ఒడిశావారు ఆకాశవాణి మీద పాఠాలు చెప్పించారు. ఇంత వంట జరిగింది. విస్తళ్లు ఎంతమంది ముందు పడ్డాయి అన్నదే ప్రశ్న.

కరోనాకు ముందు, 2017-18లో, జాతీయ నమూనా సర్వేవారు ఇళ్ల లెక్క తీశారు. పల్లెలలో నూటికి 15 ఇళ్లలోను, పట్టణాలలో నూటికి 42 ఇళ్లలోను ఇంటర్నెట్ సౌకర్యం వున్నట్లు తేలింది. కంప్యూటరు సంగతి చూస్తే పల్లెలలో నూటికి 4 ఇళ్లు, పట్టణాలలో 23 ఇళ్లు. ఆ దేశమే రెండేళ్లు తిరగకముందు బడిని ఇంటికి మార్చవలసివచ్చింది. 2020 సెప్టెంబరులో అసర్ అనే సర్వేవారు పల్లెటూళ్లలోని కుటుంబాలను అడగగా, బడిలో పేరున్న పిల్లలలో నూటికి 62 మంది ఇళ్లలో స్మార్టు ఫోను వున్నదన్నారు. రెండేళ్ల ముందు అది 36 మాత్రమే. అప్పులు చేసో, గాజులు అమ్మో జనం ఫోనులు కొన్నారన్న మాట. అయినా, ఆ వారంలో బడి నుంచి ఏదైనా పాఠమో, పనో అందిందా అని అడిగితే అందిందన్నవారు మూడింట ఒక వంతే.

ఫోను కొన్నా పాఠం ఎందుకు అందలేదు? దీనికి మా పేటలో బీడీలు చుట్టే ఒక అక్క చెప్పిన జవాబు కంటె మంచి జవాబు మేము ఏ నివేదికలోను చూడలేదు. "ఫోను ఇంట్లో వుందనే రాసుకున్నారన్నా. అది ఆయన జేబులో వుంటది. ఆయన కారఖానాలో వుంటడు. జేబులో వున్నది ఇంట్లో వున్నట్లేనా?" అని ఆమె అడిగింది.

ఇది మొదటి అడ్డంకి. ఇంట్లో ఫోను వుండడం వేరు, పిల్లల చేతికి రావడం వేరు. తండ్రి మరమగ్గం మీద రాత్రి పాళీకి పోతే ఫోను ఆయనతో పోతుంది. పగటి పాళీ అయితే పాఠం వేళకు పోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఇద్దరి పాఠాలూ ఒకే గంటకు వస్తే ఎవరు చూడాలి? పదో తరగతి పిల్లవాడికి పరీక్ష వున్నదంటారు, ఎనిమిదో తరగతి ఆడపిల్ల పక్కకు జరుగుతుంది. ఆ జరిగిన పిల్ల చేతికి తల్లి తునికాకు అందిస్తుంది. వెయ్యి బీడీల లెక్క త్వరగా పూర్తవుతుంది గదా అని తల్లి ఆలోచన. ఆమెను తప్పు పట్టడానికి మనకు నోరు రాదు. కాని బడి తెరిచిన తరువాత ఆ పిల్లను తిరిగి పంపించడం ఎంత కష్టమో, అటువంటి ఇంటి ముందు నిలబడి మాట్లాడినవారికే తెలుస్తుంది.

రెండవ అడ్డంకి ఇల్లు. కార్మికుల ఇల్లంటే చాలా వరకు ఒకటే గది. వంట అక్కడే, పడక అక్కడే, చుట్టాలు అక్కడే. పక్కనే మగ్గాల చప్పుడు. ఫోనులో పంతులుగారి గొంతు వినబడాలంటే చెవికి ఆనించుకోవాలి. చెవికి ఆనించుకుంటే బొమ్మ కనబడదు. దీనికి తోడు నెలనెలా రీచార్జి. ఫోను ఒకసారి కొంటే సరిపోయేది కాదు, మేపవలసిన పశువు వంటిది. నెల చివర కూలి డబ్బులు వచ్చేదాకా రీచార్జి ఆగితే పాఠమూ ఆగుతుంది. బడిలో గోడలుంటాయి, గంట వుంటుంది, మధ్యాహ్నం అన్నం వుంటుంది, ఇంటి పనిలోకి ఎవరూ లాగని నాలుగు గంటల వ్యవధి వుంటుంది. వీటి విలువ బడి మూసినప్పుడే మనకు తెలిసింది.

మూడవది భాష. దీనిని గూర్చి మన కుటుంబాలు ప్రత్యేకంగా ఆలోచించాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియానో, పై తరగతులలో ఇంగ్లీషు. బడిలో పిల్లవాడు మొహం వెర్రిగా పెడితే పంతులు కనిపెట్టి మాట మార్చి చెబుతాడు. తెర మీది పంతులుకు మన పిల్లవాడి మొహం కనబడదు. తల్లిని అడుగుదామంటే, ఆమెకు తెలుగు మాట వచ్చును, మరాఠీ మాట వచ్చును, అక్షరం మాత్రం ఏదీ రాదు. ఫోనులో పాఠం వెతుక్కునే దారి అంతా ఇంగ్లీషు మాటలతో వుంటుంది. ఇక ఆమె పిల్లవాడికి సహాయం చేసేదెట్లా?

ఈ సందర్భంలో మా జిల్లాకే చెందిన ఒక ఉపాధ్యాయుని సంగతి చెప్పాలి. షోలాపురం జిల్లా మాఢా తాలూకాలోని పరితేవాడి అనే చిన్న వూళ్లో, జిల్లా పరిషత్తు ప్రాథమిక పాఠశాలకు 2009లో రంజిత్ సింహ్ డిసలే అనే ఉపాధ్యాయుడు వచ్చారు. అప్పటికి ఆ బడి ఒక పక్క పశువుల కొట్టం, మరొక పక్క సామాను గది, మధ్యలో పాడుబడిన కట్టడం. పాఠ్యపుస్తకాల భాష ఒకటి, అక్కడి ఆడపిల్లల ఇంటి భాష కన్నడం. ఆయన ముందుగా చేసిన పని కన్నడం నేర్చుకోవడం. తరువాత 1 నుంచి 4 తరగతుల పుస్తకాలను వాళ్లకు తెలిసేటట్లు తిరిగి తయారు చేసి, వాటిలో క్యూఆర్ గుర్తులు చేర్చారు. ఆ గుర్తుకు ఫోను చూపితే పాటలు, కథలు, పాఠాలు వస్తాయి. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాలలోకి ఆ గుర్తులు తరువాత వచ్చాయి. 2020 డిసెంబరులో ఆయనకు 10 లక్షల డాలర్ల ప్రపంచ ఉపాధ్యాయ బహుమానం వచ్చింది. అందులో సగం, తుది జాబితాలోని తక్కిన 9 మంది ఉపాధ్యాయులకు పంచి ఇచ్చారు.

పేపర్లన్నీ ఆయన క్యూఆర్ గుర్తులను మెచ్చుకొన్నాయి. మెచ్చుకోవలసినవే. మాకు మాత్రం ఆయన కన్నడం నేర్చుకోవడమే పెద్ద సంగతిగా తోచింది. ఆ గుర్తు వెనుక, పిల్లల భాష తెలిసిన ఒక మనిషి నిలబడి వున్నాడు. మనిషి లేకుండా ఆ గుర్తు ఒక్కటే వుంటే పుస్తకంలో అది మరొక మచ్చ.

నాలుగవ అడ్డంకి ఇదే: పక్కన మనిషి లేకపోవడం. చదవడం బాగా వచ్చిన పెద్ద పిల్లవాడు ఒంటరిగా తెర ముందు కూర్చుని నేర్చుకోగలడు. అక్షరాలు కూడబలుక్కొనే పిల్లవాడికి అది సాధ్యం కాదు. ఎక్కడ తప్పాడో చెప్పేవారు కావాలి. "మళ్లీ చదువు" అనేవారు కావాలి. సరిగా చదివితే వీపు తట్టేవారు కావాలి.

ఇది మా వూహ మాత్రమే కాదని పైన చెప్పిన అసర్ లెక్కలే చూపుతున్నవి. పల్లెటూళ్లలో మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠాన్ని చదవగలరా అని వారు పరీక్షిస్తారు. 2018లో నూటికి 27 మంది చదివారు. 2022 వచ్చేసరికి 20 మందే చదవగలిగారు. ఆ మధ్యకాలంలోనే ఫోను వున్న ఇళ్లు నూటికి 36 నుంచి 75కు పెరిగాయి! చదువు తగ్గడానికి ఫోను కారణమని మేము అనము. బడి మూతే కారణం. కాని, ఫోను ఆ నష్టాన్ని ఆపలేకపోయిందన్నది స్పష్టం. బడులు తెరిచి, పంతుళ్లు పక్కన కూర్చుని చెప్పిన మీదట 2024 నాటికి ఆ సంఖ్య తిరిగి 27కు వచ్చింది.

2024 లెక్కలలోనే ఇంకొక ముక్క వున్నది. పల్లెలలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలలో నూటికి 90 మంది ఇళ్లలో ఇప్పుడు స్మార్టు ఫోను వున్నది. దానిని వాడడం తెలిసినవారిలో, గడచిన వారంలో చదువుకోసం వాడామన్నవారు 57 మంది. కబుర్లకు, బొమ్మలకు, పరిచయాలకు వాడామన్నవారు 76 మంది. సొంత ఫోను వున్నవారు మొగపిల్లలలో 36 మంది, ఆడపిల్లలలో 27 మంది. ఫోను కొరత చాలా వరకు తీరింది. పిల్లవాడు దానితో ఏమి చేస్తున్నాడో చూసేవారి కొరత తీరలేదు. ఆడపిల్లకు తమ్ముడి తరువాత అనే న్యాయమూ మారలేదు.

పాత అనుభవం కూడా ఈ మాటే చెబుతుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఒక సంవత్సరంపాటు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో మన దేశంలో 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను పాఠాలు అందించారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా ఆ ఆరింటిలోవే. తెలుగులో, కన్నడంలో, ఒడియాలో, హిందీలో కార్యక్రమాలు వచ్చేవి. పొద్దున బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు. అప్పుడు ఇంటింటికీ పెట్టె ఇవ్వాలని ఎవరూ అనుకోలేదు. వూరికి ఒక పెట్టె, దానికి ఒక బాధ్యుడు, చుట్టూ జనం. అర్థంకానిది పక్కవారిని అడిగి తెలుసుకొనేవారు. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. నేడు దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ గారి పేరు వున్నది. కాలేజీకి పోలేనివారు ఇంట్లో పాఠాలు చదువుకొని పట్టం పుచ్చుకొనే ఏర్పాటు అది. అక్కడ కూడా పాఠాలు ఇచ్చి వూరుకోలేదు. వూళ్లలో అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజులలో అధ్యాపకులచేత చెప్పించారు.

కరోనా రోజులలో కూడా తెలివైనవారు ఈ దారికే వచ్చారు. కేరళలో టెలివిజను, ఫోను లేని పిల్లల లెక్క తీసి, గ్రంథాలయాలలోను, సంఘాల గదులలోను కూర్చోబెట్టి పాఠాలు చూపించారు. కర్ణాటకలో 2020లో విద్యాగమ అనే పేరుతో పంతుళ్లు పేటలకు వచ్చి, గుడి అరుగుల మీద, చెట్ల కింద చెప్పారు. తమిళనాడువారు 2021 అక్టోబరులో ఇల్లం తేడి కల్వి అనే పథకం పెట్టి, బడి అయిన తరువాత సాయంత్రం గంటో, గంటన్నరో పిల్లలకు చదువు చెప్పడానికి పేట పేటకూ వాలంటీర్లను పంపారు. వాళ్లలో చాలామంది ఆ వీధి ఆడపడుచులే. చదువు ఇంటికి రావడమంటే తీగ రావడం కాదు, మనిషి రావడమని ఈ మూడు రాష్ట్రాలూ తెలుసుకొన్నాయి.

ఇంత చెప్పినంత మాత్రాన మేము తెరకు విరోధులమని అనుకోవద్దు. మెట్రిక్ తో చదువు ముగించి కచేరీలో గుమాస్తాగా చేరిన మా వంటివారికి, ఈ సౌకర్యం పాతికేళ్ల కిందట వుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. పై చదువులు చదివేవారికి, పని చేసుకుంటూ పరీక్షలకు కూర్చునేవారికి, ఒకే పాఠాన్ని పదిసార్లు వినదలచినవారికి ఇది నిజంగా కల్పతరువే. మంచి పంతులు లేని వూళ్లో, ఒక మంచి పంతులు చెప్పిన రేఖాగణితం వినబడడం చిన్న సంగతి కాదు. తెలుగు బడి లేని వూళ్లో మన పిల్లలు తెలుగు అక్షరం చూడడానికి కూడా ఇది పనికివస్తుంది. అయితే, పదును కత్తిది, కోత మనిషిది.

కాబట్టి సంఘాలవారికి మా మనవి ఇది. సాయంకాలపు తరగతి తీసివేసి ఫోనుకు అప్పగించవద్దు; ఫోనునే తరగతిలోకి తీసుకొని రండి. ఇంటింటికి ఒక ఫోను కొనిపించే కంటె, గదిలో ఒక పెద్ద తెర పెట్టి, నమ్మకమైన ఇంటర్నెట్ ఒకటి తీసుకుంటే పాతిక మందికి సరిపోతుంది. వెల్ల వచ్చే ఏడు వేయించవచ్చు. పాఠం పావుగంట చూపించండి. తరువాత ముప్పావుగంట తెర ఆపి, పలకా పుస్తకం పట్టించండి. పంతులమ్మకు తోడుగా పింఛను పుచ్చుకొన్న పెద్దలు, కాలేజీ చదివే పిల్లలు వంతులవారీగా వచ్చి కూర్చోండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు. తెర మీద వచ్చిన మాటను ఇంటి భాషలో తిరిగి చెప్పించుకొంటే చాలు. పిల్లవాడు తన మాటల్లో చెప్పగలిగాడంటే పాఠం వంటబట్టినట్లే.

ఆడపిల్లలకు ముందు వరుస ఇవ్వండి. వాళ్లకు వీలైన వేళ అడిగి తరగతి వేళ పెట్టండి. బీడీల లెక్క అప్పగించి వచ్చేసరికి ఎంత అవుతుందో తల్లులు చెబుతారు. 2020లో చదువు ఆగిపోయి, ఈనాటికీ తిరిగి మొదలుకాని పిల్లలు మీ పేటలో ఎందరున్నారో ఒక కాగితం మీద రాయండి. వాళ్లలో కొందరికి ఇప్పటికి పెండ్లిండ్లు అయి వుండవచ్చు. అయినా పేరు రాయండి. బయటినుంచి పదో తరగతి పరీక్షకు కట్టే వీలు వున్నది. అటువంటివారికే ఆన్‌లైను పాఠం నిజంగా అక్కరకు వస్తుంది, పక్కన అడిగేందుకు ఒక మనిషి వుంటే.

ఇక ఇళ్లలో తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల చేతికి ఫోను ఇచ్చి "చదువుకో" అని మీరు లేచిపోకండి. అరగంట ఇచ్చినా సరే, ఆ అరగంట మీరు పక్కన కూర్చోండి. అమ్మకు చదువు రాదన్న చిన్నతనం అక్కర్లేదు. చేత్తో కూర తరుగుతూ, "ఇప్పుడు ఏమి చెప్పినాడురా?" అని ఒక్క మాట అడిగే తల్లి పదిమంది పంతుళ్ల పెట్టు.

మీ మీ వూళ్లలో సాయంకాలపు తరగతులు ఎట్లా నడుస్తున్నాయో, తెర పెట్టినవారికి ఏమి లాభం కనిపించిందో, ఏమి చిక్కు వచ్చిందో ఒక కార్డు మీద రాసి పంపండి. బరంపురంవారు చేసినది బళ్లారివారికి, హోసూరువారు చేసినది మా షోలాపురంవారికి తెలిస్తే ఎవరికి వారు మొదటి నుంచి తడుముకోవలసిన పని వుండదు. వచ్చిన జాబులలో పదిమందికి పనికివచ్చే సంగతులను రాబోయే సంచికలలో ఈ శీర్షిక కిందనే చదువరులకు అందజేస్తాము.